గగనంలో నాలుగు గంటలు.. గడప నుంచి పద్నాలుగు!

* శంషాబాద్‌ - దుబాయ్‌ మధ్య దూరం 2,550 కి.మీ.
* తేదీ, గడియారం తేడా తెలియకపోతే టిక్కెట్టు వృథా
* గల్ఫ్‌ ప్రయాణికులు, వారి కుటుంబాలు తెలుసుకోవాల్సిన లెక్కలు

బాన్సువాడ: దుబాయ్‌ ఎంత దూరమని బాన్సువాడ బస్టాండులో ఎవరిని అడిగినా 'నాలుగు గంటలు' అన్న సమాధానమే వస్తుంది. అందులో అబద్ధం లేదు. అయితే అది విమానం గాలిలో ఉండే కాలం మాత్రమే. ఇంటి గడప దాటింది మొదలు అక్కడి కార్మికుల క్యాంపులో పెట్టె దించే వరకు లెక్కిస్తే పద్నాలుగు గంటలు పడుతుంది. ఈ రెండు లెక్కల నడుమ ఉన్న అంతరం తెలియక టిక్కెట్టు పోగొట్టుకున్న వారు, వీసా గడువు దాటి అప్పులపాలైన వారు, కన్నవారి కడచూపునకు నోచుకోని వారు పల్లెపల్లెనా కనిపిస్తారు. బాన్సువాడ, బీర్కూర్‌, నస్రుల్లాబాద్‌, పిట్లం, వర్ని ప్రాంతాల నుంచి ఉపాధి కోసం గల్ఫ్‌ దేశాలకు పయనమయ్యే వారి సౌకర్యార్థం దూరం, కాలం, తేదీలకు సంబంధించిన వివరాలతో ప్రత్యేక కథనం.

దూరం ఎంత?

శంషాబాద్‌లోని రాజీవ్‌ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి దుబాయ్‌ అంతర్జాతీయ విమానాశ్రయానికి భూగోళం మీద తిన్నగా కొలిస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. విమానయాన రంగంలో వాడే నాటికల్‌ మైళ్లలో చెప్పాలంటే దాదాపు 1,375. ఒక నాటికల్‌ మైలు 1.852 కిలోమీటర్లకు సమానం.

గోడకు వేలాడే పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే ఈ లెక్క సరిగ్గా రాదు. పటం చదునుగా ఉంటుంది, భూమి గుండ్రంగా ఉంటుంది. పాఠశాలలో ఉండే గ్లోబు మీద హైదరాబాద్‌ వద్ద దారం ఒక కొసను పట్టుకుని, రెండో కొసను దుబాయ్‌ వద్ద బిగించి లాగితే ఆ దారం పడిన దారే అతి తక్కువ దూరం. విమాన మార్గాలకు ఆధారం అదే. వాస్తవంలో విమానం అంతకంటే కొంత ఎక్కువ దూరమే ప్రయాణిస్తుంది. నిర్దేశిత గగన మార్గాలను అనుసరించడం, దిగే ముందు వరుసలో వేచి ఉండటం, మేఘాలను తప్పించుకోవడం ఇందుకు కారణాలు.

హైదరాబాద్‌ నుంచి బయలుదేరిన విమానం వాయవ్య దిశగా మహారాష్ట్ర మీదుగా సాగి, అరేబియా సముద్రం దాటి యూఏఈ గగనతలంలోకి ప్రవేశిస్తుంది. ప్రయాణంలో అధిక భాగం సముద్రం మీదే సాగుతుంది.

బొంబాయి దారి.. అదే దూరం

గల్ఫ్‌ వలసలు ఊపందుకున్నది 1970వ దశకంలో. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి అక్కడ నిర్మాణాలు జోరందుకోవడంతో నిజామాబాద్‌, కరీంనగర్‌ జిల్లాల నుంచి వేలాది మంది తరలివెళ్లారు. ఆ రోజుల్లో గల్ఫ్‌ అంటే ముందు బొంబాయి. బస్సులోనో రైల్లోనో అక్కడికి చేరి, ఏజెంటు చూపిన గదిలో వీసా వచ్చే వరకు రోజుల తరబడి పడిగాపులు పడి, ఆ తర్వాతే విమానం ఎక్కేవారు.

విశేషమేమిటంటే బొంబాయి ఈ దారికి ఏమాత్రం పక్కన లేదు. హైదరాబాద్‌ నుంచి ముంబయికి ఆకాశమార్గాన సుమారు 620 కి.మీ., అక్కడి నుంచి దుబాయ్‌కి సుమారు 1,930 కి.మీ. రెండూ కలిపితే మళ్లీ 2,550 కిలోమీటర్లే. నేరుగా వెళ్లే దూరానికీ దీనికీ తేడా పది కిలోమీటర్లలోపే. తగ్గింది దూరం కాదు, కాలం. నగరం నడిబొడ్డున ఉన్న బేగంపేట నుంచి విమానాల రాకపోకలు శంషాబాద్‌కు మారిన 2008 మార్చి 23 నుంచి హైదరాబాద్‌ మీదుగా వెళ్లే వారికి వసతులు పెరిగాయి. 4,260 మీటర్ల పొడవైన రన్‌వేతో పెద్ద విమానాలు దిగేందుకు వీలు కలిగింది.

నేటికీ టిక్కెట్టు ధర తక్కువని ముంబయి మీదుగానో, మస్కట్‌, బహ్రెయిన్‌ల మీదుగానో వెళ్లే వారున్నారు. దూరం పెద్దగా పెరగకపోయినా నడుమ విమానం మారేందుకు పట్టే మూడు నుంచి పది గంటలను లెక్కలో వేసుకోవాలి. తొలిసారి వెళ్లే వారికి నేరుగా వెళ్లే విమానమే మేలు.

వెళ్లేటప్పుడు ఎక్కువ.. వచ్చేటప్పుడు తక్కువ

శంషాబాద్‌ నుంచి దుబాయ్‌ వెళ్లేందుకు దాదాపు నాలుగు గంటలు, తిరిగి వచ్చేందుకు మూడున్నర గంటలు పడుతుంది. దారి ఒక్కటే అయినప్పుడు అరగంట తేడా ఎందుకన్న సందేహం చాలామందికి కలుగుతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. శీతకాలంలో ఇవి మరింత ఉద్ధృతమవుతాయి. దుబాయ్‌ వెళ్లే విమానం ఈ గాలికి ఎదురీదాలి. తిరుగు విమానాన్ని అదే గాలి వెనుక నుంచి తోస్తుంది. మంజీరలో ప్రవాహానికి ఎదురుగా తెప్ప నడపడానికీ, వాలున నడపడానికీ ఉన్న తేడా వంటిదే ఇది.

టిక్కెట్టు మీద ముద్రించే సమయం విమానం తన స్థానం నుంచి కదిలినప్పటి నుంచి అవతలి విమానాశ్రయంలో నిలిచే వరకు. రన్‌వే వరకు సాగే ప్రయాణం, దిగిన తర్వాత నెమ్మదిగా వెళ్లే సమయం కూడా ఇందులో కలిసి ఉంటుంది.

ఏ దేశమైనా ఇంట్లోనే లెక్క కట్టుకునేందుకు ఒక సులువైన పద్ధతి ఉంది. వెళ్లేటప్పుడు దూరాన్ని 750తో భాగించి అరగంట కలపాలి. వచ్చేటప్పుడు 850తో భాగించి అరగంట కలపాలి. దుబాయ్‌ దూరం 2,550ని 750తో భాగిస్తే 3.4 గంటలు. అరగంట కలిపితే నాలుగు గంటలకు కాస్త తక్కువ. అదే 850తో భాగిస్తే మూడు గంటలు, అరగంట కలిపితే మూడున్నర.

శంషాబాద్‌ నుంచి ఏ నగరం ఎంత?
(భూగోళం మీద తిన్నగా కొలిచిన దూరం, నేరుగా వెళ్తే పట్టే సుమారు సమయం)

* మస్కట్‌: 2,210 కి.మీ. - మూడున్నర గంటలు
* దుబాయ్‌: 2,550 కి.మీ. - నాలుగు గంటలు
* అబుదాబి: 2,590 కి.మీ. - నాలుగు గంటలు
* దోహా: 2,910 కి.మీ. - నాలుగున్నర గంటలు
* బహ్రెయిన్‌: 3,030 కి.మీ. - నాలుగున్నర గంటలు
* దమ్మామ్‌: 3,120 కి.మీ. - నాలుగు గంటల 40 నిమిషాలు
* కువైట్‌: 3,370 కి.మీ. - అయిదు గంటలు
* రియాద్‌: 3,390 కి.మీ. - అయిదు గంటలు
* జెడ్డా: 4,140 కి.మీ. - ఆరు గంటలు

గడియారం వెనక్కి

భారత కాలమానం కంటే యూఏఈ, ఒమన్‌ దేశాల గడియారం గంటన్నర వెనుక ఉంటుంది. సౌదీ అరేబియా, ఖతార్‌, కువైట్‌, బహ్రెయిన్‌లలో రెండున్నర గంటలు వెనుక. బాన్సువాడలో ఉదయం తొమ్మిది గంటలైతే దుబాయ్‌లో ఏడున్నర, రియాద్‌లో ఆరున్నర. వేసవి, శీతకాలాల్లో గడియారం మార్చే పద్ధతి ఈ దేశాల్లో గానీ మన దేశంలో గానీ లేదు గనుక ఏడాది పొడవునా ఇదే తేడా ఉంటుంది.

టిక్కెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి కాలమానం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి కాలమానం ప్రకారం ఉంటాయి. శంషాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరే విమానం నాలుగు గంటల తర్వాత, అంటే మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకు దుబాయ్‌ చేరుతుంది. టిక్కెట్టు మీద మాత్రం 12.30 అని ఉంటుంది. దాన్ని చూసి 'రెండున్నర గంటల ప్రయాణమే' అనుకోవడం పొరపాటు. తిరుగు టిక్కెట్టులో ఇందుకు భిన్నంగా మూడున్నర గంటల ప్రయాణం అయిదు గంటలుగా కనిపిస్తుంది.

అసలు చిక్కు అర్ధరాత్రి విమానాలతోనే!

గల్ఫ్‌ విమానాలు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరడం సర్వసాధారణం. తేదీ మారేది రాత్రి 12 గంటలకు. పల్లెల్లో మాత్రం తెల్లవారితేనే తేదీ మారినట్లు. ఈ తేడాయే ప్రయాణికులను ముంచుతోంది.

టిక్కెట్టు మీద 15వ తేదీ, 01.30 అని ఉందనుకుందాం. అది 15వ తేదీ రాత్రి కాదు. 14వ తేదీ రాత్రి భోజనం చేసి పడుకునే వేళ దాటాక వచ్చే ఒంటిగంటన్నర. మూడు గంటల ముందు హాజరు కావాలంటే 14వ తేదీ రాత్రి 10.30 గంటలకే విమానాశ్రయంలో ఉండాలి. బాన్సువాడ నుంచి రోడ్డు ప్రయాణానికి అయిదు గంటలు కేటాయిస్తే 14వ తేదీ సాయంత్రం 5.30 గంటలకు ఊరు విడవాలి. ఆ విమానం మన కాలమానం ప్రకారం 15న తెల్లవారుజామున 5.30కి, అక్కడి గడియారం ప్రకారం 4 గంటలకు దుబాయ్‌లో దిగుతుంది. 15వ తేదీ సాయంత్రం ఊరి నుంచి బయలుదేరిన వ్యక్తి శంషాబాద్‌ చేరేసరికి విమానం వెళ్లిపోయి ఇరవై గంటలు దాటి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఇదే తికమక ఇంటి వారికి ఎదురవుతుంది. దుబాయ్‌లో 15వ తేదీ రాత్రి 10 గంటలకు ఎక్కిన వారు శంషాబాద్‌లో దిగేది 16వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు. తనిఖీలు ముగించుకుని బయటకు వచ్చేసరికి 4.30 అవుతుంది. '15న వస్తున్నా' అన్న ఫోను మాట విని ఆ రోజు ఉదయమే కారు మాట్లాడుకుని వెళ్లిన వారు రాత్రంతా విమానాశ్రయం బయట గడపక తప్పదు. వచ్చే తేదీ అడిగే బదులు 'మన టైము ప్రకారం ఏ రోజు, ఎన్ని గంటలకు దిగుతావు' అని అడగాలి. బాడుగ సొమ్ము మిగులుతుంది.

నేల మీది ప్రయాణమే సగం

బాన్సువాడ నుంచి శంషాబాద్‌ విమానాశ్రయం ఆకాశమార్గాన దాదాపు 140 కి.మీ. రోడ్డు మీద వెళ్లే దారిని బట్టి ఇది రెండు వందల కిలోమీటర్లకు చేరువవుతుంది. ఎల్లారెడ్డి, మెదక్‌, నర్సాపూర్‌ల మీదుగా ఒక దారి, కామారెడ్డి వెళ్లి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకునేది మరో దారి. రెండింటిలోనూ చివరకు బాహ్య వలయ రహదారి ఎక్కితే నగరం లోపలి ట్రాఫిక్‌ తప్పుతుంది. సొంత వాహనంలో నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. ఆర్టీసీ బస్సులో సికింద్రాబాద్‌ జూబ్లీ బస్‌స్టేషన్‌ వరకు వెళ్లి, అక్కడి నుంచి విమానాశ్రయానికి నడిచే పుష్పక్‌ బస్సు ఎక్కే వారు మరో గంటన్నర అదనంగా చూసుకోవాలి.

గీత దూరంలో చూస్తే నాందేడ్‌, బీదర్‌ విమానాశ్రయాలు శంషాబాద్‌ కన్నా దగ్గరే. అయినా అక్కడి నుంచి గల్ఫ్‌ దేశాలకు విమానాలు లేవు. నిజామాబాద్‌ జిల్లా జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం నిర్మించాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి వినిపిస్తున్నదే.

మొత్తం ప్రయాణాన్ని విడమరిస్తే ఇలా ఉంటుంది..

* బాన్సువాడ - శంషాబాద్‌: నాలుగున్నర గంటలు
* విమానాశ్రయంలో చెకిన్‌, ఇమిగ్రేషన్‌, భద్రతా తనిఖీ, నిరీక్షణ: మూడు గంటలు
* విమానం: నాలుగు గంటలు
* దుబాయ్‌లో తనిఖీ, సామాను: గంటన్నర
* విమానాశ్రయం నుంచి క్యాంపు: గంట
* మొత్తం: 14 గంటలు

మూడు గంటలు ఎందుకు?

అంతర్జాతీయ విమానాలకు చెకిన్‌ కౌంటరును బయలుదేరే సమయానికి సుమారు గంట ముందే మూసివేస్తారు. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆలస్యమైనా బతిమాలి ప్రయోజనం ఉండదు. బోర్డింగ్‌ కార్డు చేతికొచ్చాక ఇమిగ్రేషన్‌ వరుస ఉంటుంది. పదో తరగతి ఉత్తీర్ణులు కాని వారి పాస్‌పోర్టులు సాధారణంగా ఈసీఆర్‌ కోవలోకి వస్తాయి. ఇలాంటి వారు గల్ఫ్‌ దేశాలు సహా 18 దేశాలకు ఉపాధి నిమిత్తం వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం ప్రకారం ప్రొటెక్టర్‌ ఆఫ్‌ ఎమిగ్రెంట్స్‌ అనుమతి పొందాలి. ఇది లేకుంటే ఇమిగ్రేషన్‌ కౌంటరు వద్దే ఆపివేస్తారు. అనుమతితో పాటు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణిస్తే లేదా శాశ్వత అంగవైకల్యం కలిగితే రూ.10 లక్షల పరిహారం వర్తిస్తుంది. ఈ కాగితాలేవీ అక్కర్లేదంటూ విజిట్‌ వీసా మీద పనికి పంపే ఏజెంట్ల మాట నమ్మితే ఈ రక్షణ దక్కదు.

దుబాయ్‌ విమానాశ్రయంలో మూడు టెర్మినళ్లు ఉన్నాయి. 2008 అక్టోబరులో మొదలైన మూడో టెర్మినల్‌ ఎమిరేట్స్‌ సంస్థకు కేంద్రం. మిగతా సంస్థల విమానాలు వేర్వేరు టెర్మినళ్లలో ఆగుతాయి. తీసుకెళ్లేందుకు వచ్చే వారికి విమానం నంబరుతో పాటు టెర్మినల్‌ నంబరు కూడా ముందే చెప్పి ఉంచాలి.

కడచూపు లెక్క

ఈ గంటల లెక్క అన్నింటికంటే బరువుగా తోచేది ఇంట్లో మరణం సంభవించినప్పుడు. బాన్సువాడలో ఉదయం 6 గంటలకు తండ్రి కన్నుమూశాడనుకుంటే, దుబాయ్‌లో కొడుకు ఫోను మోగేది తెల్లవారుజామున 4.30 గంటలకు. యజమానికి చెప్పి, టిక్కెట్టు దొరికి, 11 గంటలకల్లా విమానాశ్రయం చేరి, మధ్యాహ్నం 2 గంటల విమానం అందుకుంటే శంషాబాద్‌లో దిగేది మన రాత్రి 7 గంటలకు. బయటపడేది 8.30కి. ఊరు చేరేది రాత్రి ఒంటిగంటకు. అంతా అనుకూలిస్తేనే పందొమ్మిది గంటలు! ఆ రోజు సాయంత్రం దహనం చేయాలని పెద్దలు నిర్ణయిస్తే కొడుకు అందుకోలేడు. మరునాటి ఉదయం వరకు ఆగేందుకు సిద్ధపడి ఫ్రీజర్‌ పెట్టె తెప్పించుకుంటేనే తలకొరివి పెట్టే అవకాశం ఉంటుంది. ఈ నిర్ణయం మొదటి గంటలోనే జరగాలి.

దేశాన్ని బట్టి కూడా వ్యవధి మారుతుంది. యూఏఈ విడిచి వచ్చేందుకు యజమాని నుంచి ప్రత్యేకంగా నిష్క్రమణ అనుమతి అవసరం లేదు. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని తన వద్ద అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారం నిషిద్ధం. ఖతార్‌ 2018లో అధిక శాతం కార్మికులకు, 2020లో ఇంటి పనివారు తదితరులకు ఈ నిబంధనను ఎత్తివేసింది. సౌదీలో బయటకు వచ్చి తిరిగి వెళ్లేందుకు ఎగ్జిట్‌ రీఎంట్రీ వీసా ఉండాలి. 2021 మార్చి నుంచి కార్మికులే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. కువైట్‌ ఇందుకు భిన్నంగా ప్రైవేటు సంస్థల్లోని విదేశీ కార్మికులకు 2025 జులై 1 నుంచి నిష్క్రమణ అనుమతిని తప్పనిసరి చేసింది. కువైట్‌లో ఉన్న వారు అత్యవసరంగా రావాలంటే విమానం కంటే ముందు ఈ అనుమతి గురించి ఆలోచించాలి.

అక్కడే ప్రాణం విడిచిన వారి విషయంలో లెక్క మరింత కఠినం. సజీవుడిని నాలుగు గంటల్లో తెచ్చే విమానమే పార్థివ దేహాన్నీ తెస్తుంది. కానీ మరణ ధ్రువపత్రం, దేహం చెడిపోకుండా చేసే ప్రక్రియ తాలూకు పత్రం, పాస్‌పోర్టు రద్దు, భారత దౌత్య కార్యాలయం నిరభ్యంతర పత్రం పూర్తయ్యేసరికి రోజులు, ఒక్కోసారి వారాలు గడుస్తాయి. శంషాబాద్‌ నుంచి స్వగ్రామానికి దేహాన్ని చేర్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం ఉచిత అంబులెన్సు సదుపాయం కల్పిస్తోంది. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల సాయం అందించేందుకు 2024 సెప్టెంబరులో ఉత్తర్వులు వెలువడ్డాయి. దరఖాస్తును జిల్లా కలెక్టరుకు అందజేయాలి.

లెక్క తప్పించేవి..

పై లెక్కలన్నీ మామూలు రోజులకే. కరోనా వేళ 2020 మార్చిలో నిలిచిన సాధారణ అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27న గానీ తిరిగి పూర్తిస్థాయిలో మొదలు కాలేదు. ఆ నడుమ 2020 మే 7న ప్రారంభమైన వందే భారత్‌ విమానాలు, ప్రత్యేక ఒప్పందాల సర్వీసులే దిక్కయ్యాయి. 2024 ఏప్రిల్‌ 16న కురిసిన అసాధారణ వర్షానికి దుబాయ్‌ విమానాశ్రయమే నీట మునిగి రోజుల తరబడి రాకపోకలు అస్తవ్యస్తమయ్యాయి. 2025 ఏప్రిల్‌ 24న పాకిస్థాన్‌ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేయడంతో ఢిల్లీ వంటి ఉత్తరాది నగరాల నుంచి పశ్చిమానికి వెళ్లే విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్‌ 23న ఖతార్‌ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసివేసినప్పుడు దోహా వెళ్లే విమానాలు దారి మళ్లాయి. డిసెంబరు, జనవరి మాసాల్లో పొగమంచు సరేసరి. అందుకే బయలుదేరే ముందు విమానం నంబరు చెప్పి సమయం మారిందో లేదో విమాన సంస్థను ఆరా తీయడం అవసరం.

గుర్తుంచుకోవాల్సినవి

* టిక్కెట్టు మీద సమయం 00.00 నుంచి 05.00 మధ్య ఉంటే ముందు రోజు సాయంత్రమే ఊరు విడవాలి.
* దుబాయ్‌, మస్కట్‌కు గంటన్నర, మిగతా గల్ఫ్‌ దేశాలకు రెండున్నర గంటలు వెనక్కి లెక్కించాలి.
* వీసా గడువు చివరి రోజుకు టిక్కెట్టు తీసుకోరాదు. విమానం తప్పితే వీసా కూడా పోతుంది.
* పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం, బీమా కాగితాల నకళ్లు ఇంట్లో ఒక ప్రతి ఉంచాలి.
* యజమాని, సంస్థ పేరు, క్యాంపు చిరునామా, తోటి కార్మికుడి ఫోను నంబరు ఇంటి గోడ మీద రాసి ఉంచుకోవాలి. ఆపద వేళ వెతుకులాటకు పోయే గంటలు మిగులుతాయి.